బడికొచ్చిన న్యాయస్థానం

రీవాల్యుయేషన్‌కి ఎప్పుడైనా అప్లై చేశారా? చెయ్యకపోతే మీరు అదృష్టవంతులు. చేసి ఉంటే ఈ వ్యాసంలో సగం మీకు ముందే తెలుసు.

ఫీజు కడతాం. ఆ రోజు పరీక్ష హాల్లో మనం రాసిన బుక్‌లెట్టే ఇంకో మాస్టారి చేతికి వెళ్తుంది. "సార్, ఆ ఐదో ప్రశ్న ఇప్పుడు బాగా వచ్చేసింది, ఒక్క అడిషనల్ షీటు ఇప్పించండి" అంటే ఎవరూ ఇవ్వరు. కొత్తగా ఒక్క అక్షరం రాయడానికి లేదు. మొదట దిద్దినవాళ్ళు సరిగ్గా దిద్దారా లేదా, అంతే ప్రశ్న.

కోర్టులో అప్పీలు అన్నా దాదాపు ఇదే. ఈ చిన్న ముక్క మా ఇంట్లో ఎవరైనా పదేళ్ళ కిందట చెప్పి ఉంటే, మా నాన్నా మా లాయరుగారూ ఇవాళ ఒకరితో ఒకరు మాట్లాడుకునే స్థితిలో ఉండేవాళ్ళు. ఆ ముక్క నాకు చెప్పింది మాత్రం మన ఊరివాళ్ళు కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఒక స్కూల్లో కూర్చుని. ఆ కథ చెప్పాలంటే ముందు మా దారి గొడవ చెప్పాలి.

మా దారి గొడవ

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. మాకు రెండెకరాల చేను ఉంది. దానికి వెళ్ళాలంటే పక్క చేను తూర్పు గట్టు వెంబడి బండి దారే గతి. తాతయ్య కాలం నుంచీ ఎడ్లబళ్ళు, తర్వాత ట్రాక్టర్లు అక్కణ్ణుంచే వెళ్ళేవి. పక్క చేను చేతులు మారింది. కొన్నవాళ్ళు దారికి అడ్డంగా ముళ్ళకంచె వేశారు. 2006లో తాతయ్య దావా వేశారు. నాకప్పుడు రెండేళ్ళు. 2011లో కింది కోర్టులో మేం గెలిచాం. అవతలివాళ్ళు అప్పీలు చేశారు. 2015లో వాళ్ళు గెలిచారు. 2016లో మేం హైకోర్టుకి వెళ్ళాం. అప్పటికి తాతయ్య లేరు. హైదరాబాదులో వేసిన కేసు, 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిగా ఏర్పడ్డాక ఇటు వచ్చింది. ఇంకా నడుస్తోంది.

రెండేళ్ళ కిందట నాన్నకి తాతయ్య ట్రంకుపెట్టెలో ఒక పాత కాగితం దొరికింది. 1958 నాటి పంపకాల కాగితం. అందులో ఆ బండి దారి ప్రస్తావన స్పష్టంగా ఉంది. నాన్నకి ప్రాణం లేచొచ్చింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని లాయరుగారి దగ్గరికి పరిగెత్తారు. ఆయన చూసి, "ఇప్పుడు ఇది కుదరదండీ, అప్పుడే ఇవ్వాల్సింది" అన్నారట. అంతే. ఎందుకు కుదరదో ఆయన చెప్పలేదు, నాన్న అడగలేదు. ఇంటికొచ్చి మాత్రం, "మనవాడు అవతలివాళ్ళతో కలిసిపోయాడు" అన్నారు. ఆ మాట మా ఇంట్లో అలాగే ఉండిపోయింది.

మొన్న వేసవి సెలవుల్లో నాన్నతో కలిసి నేలపాడు వెళ్ళాను. గేటు దగ్గర పాసు తీసుకుని, హాల్లో చివరి వరసలో నిలబడ్డాం. మా కేసు నంబరు పిలిచారు. అవతలి లాయరు లేచి ఏదో అన్నారు. జడ్జిగారు ఏదో అన్నారు. రెండు నిమిషాలు పట్టలేదు. బయటికొచ్చాక నాన్న నా వైపు తిరిగి, "ఏమన్నారమ్మా? కాగితం చూపించాడా?" అని అడిగారు. నాకు అర్థమైంది 'త్రీ వీక్స్' ఒక్కటే. పదిహేనేళ్ళు ఇంగ్లీషు మీడియంలో చదివాను. మా సొంత కేసులో ఏం జరిగిందో మా నాన్నకి చెప్పలేకపోయాను. బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

జిమ్నాజియంలో జడ్జీలు

హాస్టలుకి వచ్చాక ఒక రాత్రి 'అప్పీలు అంటే ఏమిటి' అని వెతుకుతూ కూర్చున్నాను. అలా దొరికింది ఒహాయో వాళ్ళ వీడియో. ముందు ఏదో మాక్ కోర్టు అనుకున్నాను. స్కూలు హాలు, వేదిక మీద పొడవాటి బల్ల, నల్ల గౌన్లలో ఏడుగురు, ఎదురుగా మైకు ముందు ఒక లాయరు, కింద వరసల నిండా పిల్లలు. కాసేపటికి తెలిసింది, అది నాటకం కాదని. అది నిజమైన కేసు, వాళ్ళు నిజమైన జడ్జీలు. ఆ రోజు విన్న వాదనల మీద వాళ్ళిచ్చే తీర్పు ఆ రాష్ట్రమంతటికీ చట్టం అవుతుంది.

ఒహాయోలో ఈ పద్ధతి 1987లో మొదలైంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి థామస్ మోయర్. మామూలుగా రాజధాని కొలంబస్‌లో కూర్చునే రాష్ట్ర సుప్రీంకోర్టు ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారీ శరత్తులో ఒకసారీ, మూటాముల్లె సర్దుకుని ఏదో ఒక కౌంటీకి వెళ్తుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఒహాయోలో 88 ఉన్నాయి. అక్కడ చుట్టుపక్కల హైస్కూళ్ళ పిల్లల ముందు వాదనలు వింటుంది.

ఇది ఒక్క ఒహాయోకే పరిమితం కాదు. కొలరాడోలో 1986లోనే 'కోర్ట్స్ ఇన్ ది కమ్యూనిటీ' పేరుతో మొదలుపెట్టారు. అక్కడ సుప్రీంకోర్టూ, దాని కింద ఉండే అప్పీళ్ళ కోర్టూ రెండూ స్కూళ్ళకి వెళ్తాయి. మిన్నెసోటా సుప్రీంకోర్టు 1995 నుంచి వెళ్తోంది. అక్కడ జడ్జీలు వాదనలయ్యాక పిల్లలతో కలిసి భోజనం కూడా చేస్తారు. ఇండియానా అప్పీళ్ళ కోర్టు 2000లో మొదలుపెట్టి, దానికి 'అప్పీల్స్ ఆన్ వీల్స్' అని పేరు పెట్టింది. ముగ్గురేసి జడ్జీల బెంచీ స్కూళ్ళకీ కాలేజీలకీ తిరుగుతుంది.

అప్పీలు కోర్టే ఎందుకు?

నాకొచ్చిన మొదటి సందేహం ఇదే. పిల్లలకి కోర్టు చూపించాలనుకుంటే సినిమాల్లో చూపించే కోర్టే చూపించొచ్చుగా? బోను, సాక్షి, ప్రమాణం, అడ్డు ప్రశ్నలు అన్నీ ఉంటాయి. దానికి జవాబు వెతుకుతుంటేనే మా నాన్న కాగితం సంగతి నాకు అర్థమైంది.

విచారణ కోర్టు అంటే మన భాషలో ల్యాబు. సాక్షులొస్తారు, దస్తావేజులొస్తాయి, ఒక్కోదానికి నంబరు పడుతుంది. ఏది నిజం, ఏది అబద్ధం అన్నది అక్కడ తేలుతుంది. ఆ ప్రయోగం ముగిశాక మిగిలేది రికార్డు. అప్పీలు కోర్టు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ లాంటిది. ఆయన వచ్చి మళ్ళీ రీడింగులు తియ్యడు. రికార్డు తిరగేసి, "ఈ రీడింగుల నుంచి ఈ గ్రాఫు ఎలా వచ్చింది? ఈ ఫార్ములా ఇక్కడ వర్తిస్తుందా?" అని అడుగుతాడు. కోర్టువాళ్ళు కూడా దాన్ని 'రికార్డు' అనే అంటారు. చూశారా, మాట కూడా ఒకటే.

అందుకే అప్పీలు కోర్టు ప్రయాణం చెయ్యగలదు. సాక్షులు రానక్కర్లేదు. జ్యూరీ ఉండదు. జైలు నుంచి ముద్దాయిని తీసుకురానక్కర్లేదు. రెండు పక్షాల లాయర్లు, జడ్జీలు, ఒక బల్ల, మైకు, గడియారం ఉంటే చాలు. ఒహాయోలో మామూలు కేసుకి ఒక్కో పక్షానికి 15 నిమిషాలు. జడ్జీలు ముందే కాగితాలన్నీ చదువుకుని వస్తారు కాబట్టి ఉపన్యాసం వినరు, మధ్యలోనే ఆపి ప్రశ్నలు వేస్తారు. "మీరు చెప్పింది ఒప్పుకుంటే రేపు ఇంకో కేసులో ఇలా అవుతుంది కదా, దానికేమంటారు?" ఇలాంటివి. వైవాలో మనల్ని తిప్పలు పెట్టినట్టే పెడతారు. ఆ ప్రశ్నలే అసలు పాఠం. ఏ ప్రశ్న మీద కేసు నిలబడుతుందో, ఏది ఎంత గట్టిగా అరిచినా పనికిరాదో పిల్లలకి కళ్ళముందే కనిపిస్తుంది.

ఇంకొకటి. విచారణ కోర్టులో బాధ ఉంటుంది. బోనులో ఏడ్చే మనిషిని పిల్లలకి ప్రదర్శనగా పెట్టడం తప్పు. అప్పీలు దగ్గరికొచ్చేసరికి వాదన మనుషుల మీద నుంచి సూత్రం మీదకి మారుతుంది. పూర్తిగా మారదు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు, తర్వాత

వీళ్ళు చేసే పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది కోర్టు జరిగే ఆ గంటన్నర కాదు, దానికి ముందూ వెనకా జరిగేది.

పిల్లల్ని ఊరికే బస్సెక్కించి తీసుకొచ్చి కూర్చోబెట్టరు. ఒహాయోలో ముందే కేసు వివరాలు టీచర్లకి అందుతాయి. స్థానిక లాయర్లూ జడ్జీలూ తరగతికి వచ్చి కేసు కథ చెబుతారు. ఏం జరిగింది, కింది కోర్టు ఏమంది, ఇప్పుడు తేలాల్సిన ప్రశ్న ఏమిటి అని. మిన్నెసోటాలోనూ అంతే. కాబట్టి ఆ రోజుకి పిల్లవాడి బుర్రలో తన తీర్పు ఒకటి అప్పటికే ఉంటుంది. మ్యాచ్ ముందు టీమ్ లిస్టు తెలిసినవాడు చూసే చూపు వేరు కదా.

వాదనలయ్యాక, ఆ కేసు వాదించిన లాయర్లే పిల్లల దగ్గరికి వచ్చి కూర్చుంటారు. "జడ్జిగారు ఆ ప్రశ్న అడిగినప్పుడు మీకు భయమెయ్యలేదా?" "మీరు ఫలానా పాయింటు ఎందుకు వదిలేశారు?" ఏదైనా అడగొచ్చు. కొలరాడోలో, ఇండియానాలో జడ్జీలు కూడా ప్రశ్నలకి జవాబులిస్తారు. కానీ ఒక గీత ఉంటుంది. ఆ రోజు విన్న కేసు గురించి జడ్జీలు మాట్లాడరు, ఎందుకంటే అది ఇంకా తేలలేదు. ఆ మౌనం కూడా పాఠమే అనిపించింది నాకు. మనకి అభిప్రాయం చెప్పకుండా పది నిమిషాలు కూర్చోవడమే కష్టం.

తీర్పు ఆ రోజే రాదు. కొన్ని వారాలకో నెలలకో రాతపూర్వకంగా వస్తుంది. అప్పటికి ఆ పిల్లలు దాన్ని చదవగలరు, ఎందుకంటే కథ వాళ్ళకి తెలుసు.

అంతా బంగారమేనా?

కాదు. అనుమానాలున్నాయి. ఒహాయోలో సుప్రీంకోర్టు జడ్జీలు ఎన్నికల్లో గెలిచి వస్తారు, పదవీకాలం ఆరేళ్ళు. రేపు ఓటేసే పిల్లల ముందు, వాళ్ళ ఊళ్ళో, కెమెరాల మధ్య కూర్చోవడం కొంత ప్రచారం కాదా అని అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రేక్షకులుంటే లాయర్లూ జడ్జీలూ కాస్త నటిస్తారేమో కూడా. ఏడాదికి రెండు ఊళ్ళు అంటే మిగతా ఊళ్ళ పిల్లలకి ఆ అవకాశం ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఒక్కరోజు చూస్తే చట్టం వచ్చేస్తుందా అంటే అదీ రాదు.

అయినా ఒకటి మాత్రం వస్తుంది. కోర్టంటే అర్థమయ్యే పనే అన్న నమ్మకం. మనకి లేనిది అదే.

మన దగ్గర

మన కోర్టులు మూసిన తలుపులేం కావు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 153-బి సెక్షన్ ప్రకారం విచారణ జరిగే చోటు అందరికీ తెరిచి ఉండాలి, చోటు సరిపోయినంత వరకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. సుప్రీంకోర్టు 1966లో మిరాజ్‌కర్ కేసులోనే బహిరంగ విచారణ ఎందుకు అవసరమో చెప్పింది. మనలాంటి ఒక విద్యార్థి కథ కూడా ఉంది. స్వప్నిల్ త్రిపాఠీ అనే న్యాయ విద్యార్థి, కొన్ని రోజుల్లో ఇంటర్న్‌లని కోర్టు హాల్లోకి రానివ్వకపోవడం మీద సుప్రీంకోర్టుకే వెళ్ళాడు. ఆయనదీ మరికొందరిదీ కలిపి విని, 2018 సెప్టెంబరు 26న కోర్టు ప్రత్యక్ష ప్రసారానికి ఒప్పుకుంది. 2021 జులైలో గుజరాత్ హైకోర్టు ప్రసారాన్ని లాంఛనంగా ప్రారంభించింది. 2022 సెప్టెంబరు 27 నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు మన ఫోన్లోనే చూడొచ్చు.

తలుపు తెరిచే ఉంది. లోపల ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళే లేరు. 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూమి కేసులో తెలుగులో తీర్పు ఇస్తే అది పెద్ద వార్త అయింది. వార్త అయిందంటేనే అది ఎంత అరుదో తెలుస్తోంది. 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు, ఇంగ్లీషులో ఇబ్బంది పడుతున్న ఒక మహిళని సుప్రీంకోర్టులో తెలుగులో మాట్లాడమన్నారు. ఎన్నో ఏళ్ళుగా విడిగా ఉన్న ఆ భార్యాభర్తలు మళ్ళీ కలిసి ఉండటానికి ఒప్పుకున్నారు. భాష అర్థమైతే ఏమవుతుందో అది ఒక ఉదాహరణ.

కదలడం విషయానికొస్తే, 130వ అధికరణం సుప్రీంకోర్టు ఢిల్లీలో గానీ, రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించిన ఇతర చోట్ల గానీ కూర్చోవచ్చంటుంది. అంటే కోర్టు కదలడం అన్న ఆలోచన మన రాజ్యాంగానికి కొత్త కాదు. ఒక రెండో అప్పీలు మన ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో వినడం, అంతకు ముందు వారం ఒక లాయరుగారు వచ్చి తెలుగులో కేసు కథ చెప్పడం ఊహించుకోండి. ముందు వరసలో పిల్లలు, వెనక వాళ్ళ అమ్మానాన్నలు. వాళ్ళలో ఎవరో ఒకరి కేసు ఎక్కడో ఒక కోర్టులో ఉండే ఉంటుంది.

నాన్నకి చెప్పాను

దసరాకి ఇంటికెళ్ళినప్పుడు నాన్నని కూర్చోబెట్టి చెప్పాను. "నాన్నా, కింది కోర్టు ల్యాబు. బళ్ళు నిజంగా తిరిగాయా, ఎన్నేళ్ళు తిరిగాయి అన్నది అక్కడే తేలాలి. మొదటి అప్పీల్లో వాస్తవాలు కూడా మళ్ళీ చూస్తారు. మనది రెండోది. దీనికి వంద నంబరు సెక్షను. ఇందులో గట్టి చట్టపరమైన ప్రశ్న ఉంటేనే వింటారు. మన ప్రశ్న ఏమిటంటే, ఇరవయ్యేళ్ళకు పైగా నడిచిన దారి మన హక్కుగా నడిచామా, వాళ్ళ దయ మీద నడిచామా అన్నది నిర్ణయించేటప్పుడు ఆ కోర్టు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టాన్ని సరిగ్గా వాడిందా లేదా అని."

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆయన మోసం చెయ్యలేదంటావు" అన్నారు.

"చెయ్యలేదు. చెప్పలేదు, అంతే."

కొత్త కాగితానికి పూర్తిగా తలుపు మూసెయ్యలేదు కూడా. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 41వ ఆర్డరు, 27వ రూలు అని ఒకటి ఉంది. ఎంత జాగ్రత్తగా వెతికినా అప్పట్లో దొరకని ఆధారమైతే, అప్పీల్లో తీసుకోమని అర్జీ పెట్టుకోవచ్చు. ఒప్పుకోవడం కష్టమే, కానీ అడగొచ్చు. రెండేళ్ళ తర్వాత నాన్న లాయరుగారికి ఫోన్ చేశారు. ఆ రూలు నంబరు పలకగానే అవతల కాసేపు నిశ్శబ్దం. "మీకెవరు చెప్పారండీ?" అన్నారాయన. "మా అమ్మాయి." "ట్రంకుపెట్టెలోనే ఉంది కదా, అప్పుడే ఎందుకు వెతకలేదని అడుగుతారు. అయినా ప్రయత్నం చేద్దాం, పంపించండి." గెలుస్తామో లేదో నాకు తెలీదు. ఆ ఫోన్ పదకొండు నిమిషాలు నడిచింది. అంతసేపు వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు నాన్నని ఒకటి అడిగాను. "మన కేసు మా కాలేజీ ఆడిటోరియంలో, పిల్లలందరి ముందు వింటామంటే నువ్వు ఒప్పుకుంటావా?" నేను చివర్లో చెబుతానన్న సంగతి ఇదే. పాఠం ఎవరికైనా, కేసు మాత్రం ఒక ఇంటిది. ఎవరి బాధ వాళ్ళది.

నాన్న ముందు, "ఎందుకమ్మా, పదిమందిలో పలచనవడం" అన్నారు. అన్నం తినేటప్పుడు మళ్ళీ తనే కదిపారు. "ముందే వాళ్ళకి కథంతా చెబుతారన్నావుగా?"

"చెబుతారు."

"తెలుగులోనే?"

"తెలుగులోనే అనుకో."

"అయితే నేను కూడా వచ్చి కూర్చుంటాను."

మన క్లబ్బుకి నాదొక విన్నపం. హైకోర్టుని మనం రప్పించలేం. కానీ ప్రసారం అయ్యే ఒక విచారణని ఎంచుకుని, ఊళ్ళోని ఒక లాయరుగారిని పిలిచి, ముందు రోజు తెలుగులో కథ చెప్పించుకుని, మర్నాడు సెమినార్ హాల్లో అందరం కలిసి చూడగలం. ప్రొజెక్టర్ ఉంది, హాలు ఖాళీగానే ఉంటుంది. మీ ఇళ్ళల్లోనూ కేసులుంటే అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి. మా నాన్న ఎలాగూ వస్తారు.